పాత కారు సీట్ బెల్ట్ మీరే మార్చుకోవచ్చు, కానీ ఆ ఫార్వర్డ్‌లో చెప్పినట్టు మాత్రం కాదు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. మారుతి 800, పాత జెన్ లాంటి బండ్లకి సీట్ బెల్ట్ పాడైతే షోరూమ్‌లో వేలు తగలేయకండి, నాలుగు బోల్టుల పని, స్క్రాప్‌లో 300కి ఏ కారు బెల్టైనా తెచ్చి బిగించుకోండి, చిరిగితే కుట్టించండి, లాగితే రాకపోతే పట్టీ చుట్టుకునే రీల్ విప్పి లోపల గుండు తీసెయ్యండి, ఏదీ కుదరకపోతే వెనక సీటు బెల్ట్ ముందుకి మార్చుకోండి, వెనక ఎవరు పెట్టుకుంటారు, చలాన్ పడకపోతే చాలు అని. దానికి రిప్లై ఇచ్చేవాళ్ళేమో అసలు బెల్ట్ మీద చెయ్యే వెయ్యకూడదు అంటున్నారు. రెండూ తప్పే.

"నాలుగు బోల్టుల పని." ఇది దాదాపు నిజం. ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండిలో తలుపుల మధ్య ఉండే స్తంభం, అంటే పిల్లర్, దాని ప్లాస్టిక్ కవర్ తీస్తే పైన ఒక బోల్ట్, కింద రీల్‌కి ఒకటి, పట్టీ చివర ఒకటి, సీటు పక్కన తాళానికి ఒకటి, అంతే. పానా పట్టడం వచ్చినవాళ్ళు హాయిగా చేసుకోవచ్చు. కానీ ఆ మాట ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి చెల్లదు, వాటిలో చాలావాటి రీల్‌లో చిన్న మందుగుండు ఉంటుంది, యాక్సిడెంట్ అవ్వగానే అది పేలి బెల్ట్‌ని బిగలాగుతుంది, దాన్నే ప్రిటెన్షనర్ అంటారు. రీల్‌కి వైరు, కనెక్టర్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి, అది తెలిసిన మెకానిక్ పని.

"ఏ కారు బెల్టైనా పడుతుంది." ఈ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది, ప్రపంచంలో చాలా కార్లకి బెల్ట్ బోల్ట్ ఒకటే సైజు, 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. అంటే బోల్ట్ దిగుతుంది. దిగితే సరిపోయినట్టేనా? రీల్ లోపల ఒక చిన్న ఇనప గుండో లోలకమో ఉంటుంది, బండి సడన్‌గా ఆగితే అది కదిలి పళ్ళ చక్రాన్ని పట్టేస్తుంది, బెల్ట్ లాక్ అవుతుంది. ఆ గుండు సరిగ్గా పని చెయ్యాలంటే రీల్ ఏ కోణంలో నిలబడాలో ఆ కారు పిల్లర్ వాలుని బట్టి ముందే లెక్కేసి చేస్తారు. యూరప్ రూల్ ప్రకారం రీల్ 12 డిగ్రీలు వంగే వరకు లాక్ అవ్వకూడదు, 27 డిగ్రీలు దాటితే కచ్చితంగా అవ్వాలి. ఇప్పుడు వేరే కారు రీల్ తెచ్చి పది పదిహేను డిగ్రీల తేడాతో బిగించారనుకోండి, బండి నిలబడి ఉన్నప్పుడు కూడా లాక్ అయిపోయి బెల్ట్ రాదు, లేదా అవ్వాల్సిన టైమ్‌లో అవ్వదు.

మొదటిది జరిగినప్పుడే ఆ "గుండు తీసెయ్యండి" సలహా పుడుతుంది. గుండు తీసేస్తే బెల్ట్ వెన్నలా వస్తుంది, నిజమే. చాలా రీళ్ళలో పట్టీని జర్క్‌తో లాగితే పట్టే రెండో ఏర్పాటు కూడా ఉంటుంది కాబట్టి చేత్తో లాగి చూసి లాక్ అవుతోంది కదా అని సంబరపడతారు, కానీ బండి వేగం తగ్గడాన్ని పసిగట్టే ఏర్పాటు అక్కడ లేదు, మీరే తీసి పారేశారు. పైగా ఆ రీల్ పక్క కవర్ కింద చుట్ట స్ప్రింగ్ ఉంటుంది, విప్పారంటే మొహం మీదకి ఎగురుతుంది.

అసలు బెల్ట్ మెల్లగా వెనక్కి వెళ్తుంటే సగం సార్లు రీల్ తప్పే కాదు. ఏళ్ళ తరబడి చెమట, దుమ్ము పట్టి పట్టీ, పైన అది తిరిగే రింగ్ జిడ్డుగా అయిపోతాయి. బెల్ట్ మొత్తం బయటికి లాగి క్లిప్ పెట్టి, సబ్బు నీళ్ళతో తుడిచి, రింగ్ లోపల గుడ్డతో రుద్ది, నీడలో పూర్తిగా ఆరనిచ్చి వదలండి. పెట్రోల్, బ్లీచ్ వద్దు.

"చిరిగితే కుట్టించండి." చెప్పులు కుట్టే ఆయన పనితనం మీద నాకేం అనుమానం లేదు, లెక్క మీదే. 60 కిలోల మనిషి 50 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉండగా బండి గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోతే, ఆ మనిషిని ఆపడానికి సగటున దాదాపు 1200 కిలోల బరువంత బలం కావాలి. అదంతా రెండంగుళాలు కూడా లేని పట్టీ మీద పడుతుంది. సూది గుచ్చిన ప్రతిచోటా పోగులు తెగుతాయి. అంచు చీలినా, ఎండకి రంగు వెలిసి పెళుసెక్కినా కుట్టేది లేదు, సెట్ మొత్తం మార్చాల్సిందే.

స్క్రాప్ సరుకు సంగతి కూడా ఇందులోదే. ఆటోనగర్‌లో దొరికే బెల్ట్ యాక్సిడెంట్ బండిదై ఉండొచ్చు. ఒకసారి గట్టిగా లోడ్ పడిన పట్టీ సాగిపోయి ఉంటుంది, చూడ్డానికి బాగానే కనిపిస్తుంది. రింగ్ ప్లాస్టిక్ మీద కరిగిన గీతలున్నా, పట్టీ అలలు అలలుగా ఉన్నా ఊరికే ఇచ్చినా వద్దు. మీ మోడల్‌కి, మీ వైపు సీటుకి వచ్చే కొత్త సెట్ పార్ట్ నంబర్ చెప్పి తెప్పించుకోండి, కుడి ఎడమ వేరు.

"వెనకది ముందుకి." రీల్ కోణం గొడవ మళ్ళీ ఇదే. ఇక వెనక ఎవరు పెట్టుకుంటారు అనే మాట 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు యాక్సిడెంట్‌లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయాక కూడా ఎలా అంటున్నారో నాకు తెలీదు, ఆయన బెల్ట్ లేకుండా వెనక సీట్లోనే ఉన్నారు. చలానే మీ బాధైతే బెల్ట్ లేకపోతే 1000 ఫైన్ వెనక కూర్చున్నా ఉంది.

మరి మీరే బిగిస్తుంటే: విప్పేముందు ఫోటో తీసుకోండి, వాషర్లు, స్పేసర్లు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో వెళ్ళాలి, లేకపోతే పట్టీ చివర ఉన్న రేకు బిగుసుకుపోయి తిరగదు. పాత బోల్ట్ పోతే హార్డ్‌వేర్ షాపు బోల్ట్ వద్దు, సెట్‌తో వచ్చేదే వాడండి. ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పాకే పానా పట్టండి, మర తప్పిందంటే బాడీలో నట్టు పోతుంది. ఎంత టైట్ అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా, అంటే టార్క్ రెంచ్ లేకపోతే ఆ చివరి బిగింపు ఒక్కటీ మెకానిక్‌తో చేయించుకోండి. బోల్ట్ పట్టే చోట రేకు తుప్పు పట్టి ఉంటే మాత్రం బెల్ట్ పక్కన పెట్టి ముందు బాడీ పని చూసుకోండి. అంతా అయ్యాక పట్టీ ఎక్కడా మెలిక పడలేదని చూసి, ఖాళీ గ్రౌండ్‌లో 20 స్పీడ్‌లో బ్రేక్ కొట్టి లాక్ అవుతోందో లేదో చూసుకోండి.

పాత బెల్ట్ పారేసే ముందు పట్టీని కత్తెరతో మధ్యకి కోసేయండి, ఇంకొకళ్ళ కార్లోకి వెళ్ళకుండా.