ముప్పై డాలర్ల కుంపటి

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకి ఎవరూ రాసిపెట్టని యాత్రాక్రమం ఒకటుంది. అమ్మానాన్నలు విజిట్ వీసా మీద దిగిన మొదటి వారం నిద్ర, రెండో వారం గుడి, మూడో వారం లిబర్టీ విగ్రహం. విగ్రహం చూసిన సాయంత్రమే బ్రూక్లిన్ వంతెన కింద బొగ్గు పొయ్యి పిజ్జా. నయాగరాకైనా మినహాయింపు దొరుకుతుందేమో గానీ దీనికి దొరకదు. ఇంత పవిత్రమైన ఆచారాన్ని కొందరు 'ఒక రొట్టె కోసం క్యూలో రెండు గంటలా' అని ఎద్దేవా చేస్తున్నారు. వారి అజ్ఞానాన్ని తొలగించడం నా విధిగా భావిస్తున్నాను.

ముందు ఈ బొగ్గు పొయ్యి పిజ్జా దుకాణాల వంశవృక్షం. అది తెలియకుండా క్యూలో నిలబడితే ముందున్నాయన చెబుతాడు, వెనకున్నాయన ఖండిస్తాడు, మధ్యలో మీరు నలిగిపోతారు. 1905లో మాన్‌హట్టన్ స్ప్రింగ్ స్ట్రీట్‌లో మొదలైన లొంబార్డీస్ ఆదిపురుషుడని ఐతిహ్యం. ఆ తరవాత 1924లో కోనీ ఐలాండ్‌లో టొటోనోస్, 1929లో జాన్స్, 1933లో ఈస్ట్ హార్లెంలో పాట్సీస్. పక్క రాష్ట్రంలోని న్యూ హేవెన్‌ది వేరే గోత్రం. అక్కడ ఫ్రాంక్ పేపే 1925లో దుకాణం పెడితే, 1938లో మేనల్లుడు అదే వీధిలో సొంత పొయ్యి వెలిగించాడు. మేనల్లుడు మేనమామ ఎదుటే పోటీకి దిగడం మనకి వింతేమీ కాదు. రెండు దుకాణాలూ నేటికీ బతికుండటమే వింత.

అసలు రసవత్తర ఘట్టం మాత్రం బ్రూక్లిన్‌దే. పాట్సీ గ్రిమాల్డీ అనే ఆయన చిన్నప్పుడు హార్లెంలో మేనమామ పొయ్యి దగ్గర పని నేర్చుకుని, 1990లో ఓల్డ్ ఫుల్టన్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. 1998లో దుకాణాన్నీ, దాంతోపాటు తన ఇంటిపేరునీ అమ్మేసి విశ్రాంతి తీసుకున్నాడు. కొన్నాయనకి భవనం యజమానితో చెడి, 2011లో లీజు పోయి, పేరు చంకన పెట్టుకుని పక్క భవనంలోకి మారాడు. పొయ్యి పాత చోటే ఉండిపోయింది. ఎనభయ్యేళ్ల గ్రిమాల్డీ గారు ఊరుకున్నారా? 2012లో అదే గదిలో, అదే పొయ్యి ముందుకి తిరిగొచ్చారు. తన పేరు పక్కింటివాడి సొత్తైపోయింది కాబట్టి తల్లి పేరిట జూలియానాస్ అని బోర్డు కట్టారు. ఇక చూడండి, పేరు ఒకరిది, పొయ్యి ఒకరిది, క్యూలు రెండు. మన మిఠాయి కొట్ల మీద 'మాకు మరెక్కడా బ్రాంచీలు లేవు' అని ఎర్రక్షరాలతో రాసేది ఎందుకో అక్కడ నిలబడితే తెలిసొస్తుంది.

ఇప్పుడు బొగ్గు. ఇది ఏ బొగ్గు పడితే ఆ బొగ్గు కాదు. పెన్సిల్వేనియా గనుల ఆంథ్రసైట్. గట్టిది, పొగ తక్కువ, వేడి ఎక్కువ. పొయ్యి లోపల ఓ పక్కన అది కణకణలాడుతుంటే, ఇటుకల మీద పరిచిన పిజ్జాని పొడుగాటి తెడ్డుతో అటూ ఇటూ తిప్పి కొద్ది నిమిషాల్లో లాగేస్తారు. అంచులు బుడగలు లేచి, అడుగున నల్లమచ్చలు పడి వస్తుంది. ఆ మచ్చలే మహాప్రసాదం. ఓసారి మా పక్క బల్ల దగ్గర సింగరేణిలో రిటైరైన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. లేచెళ్లి పొయ్యి నోట్లోకి తొంగి చూసి, తిరిగొచ్చి, పిజ్జా ముక్క వెనక్కి తిప్పి, వేలితో మసి గీకి చూశారు. "బొగ్గు మస్తుందిరా, ఇంత మంచి బొగ్గు పెట్టి రొట్టె ఎందుకు మాడగొట్టిండ్రు?" అన్నారు. కొడుకు "మెల్లగా నాన్నా, మెల్లగా" అంటూ చుట్టూ చూశాడు. ఆయన భార్య ఏమీ అనలేదు. పెళ్లయిన కొత్తలో కుంపటి విసిరి విసిరి కళ్లు మండించుకున్న తరం ఆవిడది.

ఆ తరానికే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లిచ్చింది. పొగనుంచి విముక్తి అన్నారు. పాత పొయ్యి పోతోందని ఒక్కరైనా సచివాలయం మీదికి సంగటి ముద్ద విసిరిన దాఖలా లేదు. న్యూయార్కు వాసుల చైతన్యం చూడండి. బొగ్గు, కట్టెల పొయ్యిలున్న పాత హోటళ్లు పొగలోని నుసిని 75 శాతం తగ్గించుకోవాలని నగరం అన్నదో లేదో, 2023 జూన్‌లో ఒకాయన పిజ్జాలు పట్టుకుని సిటీ హాలుకి వెళ్లి, 'పిజ్జా ఇవ్వండి, లేదా చావునివ్వండి' అంటూ గేటు పైనుంచి లోపలికి విసిరాడు. బ్రిటిష్ వాళ్ల పన్ను మీద కోపంతో 1773లో బోస్టన్ రేవులో తేయాకు పారబోసిన జాతి మరి. పొయ్యిలు ఆర్పేయమని నగరం అననేలేదు, పొగగొట్టానికి వడపోత బిగించుకోమంది, అంతే. నిబంధన 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దీంతో తేలిందేమిటంటే, పేదవాడి వంటింటి పొగ ఆరోగ్య సమస్య, ముప్పై డాలర్ల పిజ్జా పొగ వారసత్వ సంపద.

ఇలాంటి చోట్ల క్రమశిక్షణ కూడా మెచ్చుకోదగ్గది. ముక్కలుగా అమ్మరు. జాన్స్‌లోనైతే ఆ సంగతి దుకాణం ముందే రాసి ఉంటుంది. నలుగురూ వస్తేనే నాలుగు కుర్చీలు. మన కుటుంబాల్లో నాలుగోవాడు ఎప్పుడూ అల్లుడే, అతనెప్పుడూ పార్కింగు వెతుకుతూనే ఉంటాడు. "వచ్చేస్తున్నాడండీ, రెండు నిమిషాలు" అని అత్తగారు బతిమాలినా తలుపు దగ్గరి కుర్రాడి మనసు కరగదు. వెనకున్న పెళ్లికాని జంట ముందుకెళ్లిపోతుంది. మామగారు ఆ జంట కేసి చూసే చూపులో వాత్సల్యం ఉండదు.

చివరికి బల్ల దొరుకుతుంది, పిజ్జా వస్తుంది, మీరు ఫొటో తీసేలోపు సగం అయిపోతుంది. బిల్లుతో పాటు ఇంకో నియమం బయటపడుతుంది. కొన్ని చోట్ల నేటికీ కార్డు చెల్లదు, నగదే. జేబులు తడుముకోకండి. బాత్రూము దారిలో ఏటీఎం ఉంటుంది. అది కార్డు తీసుకుంటుంది. తీసుకున్నందుకు రుసుమూ తీసుకుంటుంది. దానికి మాత్రం క్యూ లేదు.