చింతగింజలు, చీపురు పుల్లలూ పిల్లల చదువు చెడగొట్టలేదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు మళ్ళీ మళ్ళీ వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, చివరికి తోటి టీచర్ల గ్రూపులో కూడా. సారాంశం ఇది: ప్రాథమిక బడుల్లో కృత్యాలు (పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే పనులు), ప్రాజెక్టులు అనేవి విదేశీ ఫ్యాషన్, మన రోజుల్లో పలకా బలపంతో, ఎక్కాలు బట్టీపట్టి అందరం బాగా చదువుకున్నాం, ఇప్పటి పిల్లలు బడిలో గింజలు, పుల్లలు లెక్కపెడుతూ కూర్చుంటున్నారు, టీచర్లు పాఠం చెప్పకుండా తప్పించుకుంటున్నారు, ప్రాజెక్టులేమో అమ్మానాన్నలు చేస్తున్నారు. చివర్లో "ప్రతి తల్లీ తండ్రీ షేర్ చేయాలి" అని.

అందరూ షేర్ చేశారు. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది. నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఆ గింజలు లెక్కపెట్టించేది నేనే.

ముందు ఆ విదేశీ ఫ్యాషన్ సంగతి. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా ఆటలతో, పనులతో నేర్పే బాలమందిరాన్ని భావనగర్‌లో మొదలుపెట్టింది 1920లో. చేతిపనిని మధ్యలో పెట్టి దాని చుట్టూ చదువు చెప్పాలని గాంధీజీ వార్ధా సమావేశంలో అన్నది 1937లో. అంత దూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల ఉంది. ఒక్క టీచరే అన్ని తరగతులనూ కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన పల్లెటూరి బడుల కోసం వాళ్ళు కార్డులు తయారుచేశారు. ఆ కార్డులతో ఏ పిల్లకు ఆ పిల్ల తన వేగంతో ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. చెన్నై కార్పొరేషన్ టీచర్లు ఇక్కడికొచ్చి అది చూసి నేర్చుకుని, 2003లో తమ బడుల్లో మొదలుపెట్టారు. తర్వాత తమిళనాడు అంతటా వెళ్ళింది.

ఒకటి ఒప్పుకుంటాను. 1980లలో మొదలై మన రాష్ట్రంలో కృత్యాధార బోధనను ఊరూరా తీసుకెళ్ళిన అప్పెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) ప్రాజెక్టు బ్రిటన్ ఆర్థిక సాయంతోనే నడిచింది. మెసేజ్ రాసినవారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు, తెలిస్తే తప్పకుండా వాడుకునేవారు. కానీ అప్పెప్ ఆరు సూత్రాలు అప్పటి టీచర్లను ఎవరిని అడిగినా చెబుతారు. చేసి నేర్చుకోవాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవి గోడలమీద పెట్టాలి... ఇందులో మన పిల్లలకు పనికిరానిది ఏదో చెప్పండి.

"మన రోజుల్లో అందరం చదువుకున్నాం." ఎవరు ఆ అందరూ? 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతం. ఆడవాళ్ళలో 33 శాతం కూడా లేదు. మీతోపాటు ఒకటో తరగతిలో చాప మీద కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పదో తరగతి దాకా వచ్చారో ఒకసారి గుర్తుచేసుకోండి. అందరూ ఎక్కాలు రాకే మానేశారని నేను అనను. పేదరికం ఉంది, కూలి పనులున్నాయి, ఆడపిల్లలకైతే చెల్లెళ్ళను, తమ్ముళ్ళను ఎత్తుకునే పని ఉంది. కానీ రోజూ లేచి నిలబడి, అప్పజెప్పలేక, దెబ్బలు తిని, ఒకరోజు బడికి రావడం ఆపేసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మీ వాట్సాప్ గ్రూపులో లేరు. ఆ పద్ధతి ఎవరికి నప్పిందో వాళ్ళే గ్రూపులో ఉండి, అది అందరికీ నప్పిందని చెప్పుకుంటున్నారు.

ఇక నాకు అసలు కోపం తెప్పించిన వాక్యం: "మూడో తరగతి పిల్లాడు ఇంకా పుల్లలు పేర్చి తీసివేతలు చేస్తున్నాడు, సిగ్గుచేటు."

సిగ్గు ఎందుకో చూద్దాం. మూడో తరగతిలో 52 లోంచి 27 తీసెయ్యమని బోర్డు మీద రాస్తే, చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు. అయిపోయింది. ఈ జవాబు రాసే పిల్లల్లో పదో ఎక్కం దాకా గడగడా చెప్పేవాళ్ళుంటారు. "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని పాఠం అప్పజెప్పేవాళ్ళూ ఉంటారు. ఆ తెచ్చుకున్న ఒకటి, పది ఎందుకవుతుందో మాత్రం వాళ్ళకు తెలియదు. తెలియకపోయినా సూత్రం గుర్తున్నంతకాలం జవాబు వస్తుంది. సెలవులకు ఇంటికి పోయి వచ్చేసరికి సూత్రం పోతుంది, మళ్ళీ 35.

ఇప్పుడు అదే పిల్లకు చీపురు పుల్లలు ఇవ్వండి. పదేసి పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వమనండి. రెండు కట్టలు వెంటనే ఇచ్చేస్తుంది. ఏడు విడి పుల్లలు కావాలి, చేతిలో ఉన్నవి రెండే. కాసేపు మీ మొహం చూస్తుంది. చెప్పకండి, ఆగండి. తనంతట తనే ఒక కట్ట రబ్బరు బ్యాండు ఊడదీస్తుంది. ఇప్పుడు విడి పుల్లలు పన్నెండు. ఏడు ఇచ్చాక మిగిలినవి ఐదు, పక్కన రెండు కట్టలు. ఇరవై ఐదు. ఆ రబ్బరు బ్యాండు ఊడదీసిన పిల్లకు పక్కనుంచి తెచ్చుకోవడం అంటే ఏమిటో ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. కొన్నాళ్ళకు పుల్లలకు బదులు నోట్‌బుక్‌లో గీతలు, సున్నాలు గీసుకుంటుంది. ఆ తర్వాత అంకెలే సరిపోతాయి. మెసేజ్ రాసినవారు తొలిమెట్టు దగ్గర నిలబడి, పిల్లలు ఎప్పటికీ అక్కడే ఉండిపోతారని భయపెడుతున్నారు.

ఇలాంటి తీసివేతనే, పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ఇంటింటికీ వెళ్ళి పిల్లలతో చేయిస్తారు. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో అది చేయగలిగినవాళ్ళు మూడోవంతు మాత్రమే. మన బడుల్లో పుల్లలు ఎక్కువైపోయి ఇలా అయిందనుకుంటున్నారా? నేను చూసిన బడుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ వల్లెవేయించడంతోనే నడుస్తున్నాయి. అక్కడ పుల్లల కట్టలు బీరువాలోనే ఉంటాయి, ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజు బయటికొస్తాయి.

ఎక్కాలు నోటికి రావాలా? రావాలి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఏడెనిమిదులు ఎంతంటే గింజలు లెక్కపెట్టుకునే పిల్ల ఐదో తరగతిలో భాగహారం చేయలేదు. ఎనిమిదేసి గింజలు ఏడు వరసలు పేర్చి చూశాక బట్టీ పట్టమనండి, ఎన్నిసార్లయినా పట్టమనండి. కృత్యాలు వచ్చాయి కాబట్టి ఎక్కాలు వద్దని చెప్పే టీచరు ఉంటే అది ఆ టీచరు తప్పు.

టీచర్లు తప్పించుకుంటున్నారట. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. దాన్ని పాటిస్తే తప్పించుకోవడమా? ముప్పై మంది ఒకటో తరగతి పిల్లలకు గింజలు పంచి, ఎవరూ ముక్కులో పెట్టుకోకుండా, ఒకరివి ఒకరు లాక్కోకుండా నలభై నిమిషాలు నడిపి చూడండి. బోర్డు మీద రాసి "ఎక్కించుకోండి" అని కుర్చీలో కూర్చోవడం దీనికన్నా ఎంత సుఖమో తెలుస్తుంది. ఫోటో తీసి గ్రూపులో పెట్టడానికి చేసే కృత్యాలూ ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రాను.

క్లాసులో గోల అంటారా, ఉంటుంది. పిల్లలు కదా.

ప్రాజెక్టుల విషయంలో మాత్రం మెసేజ్ చెప్పింది నిజం. ఇంకా తక్కువే చెప్పింది. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే చదువు సాగుతుండగా మధ్యమధ్యలో వేసే) మార్కుల్లో ప్రాజెక్టు పనికి వాటా పెట్టాక, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తల్లి ఫ్యాన్సీ షాపుకు పరిగెత్తడం, నెట్ సెంటర్లో రంగుల బొమ్మలు ప్రింట్ తీయించి చార్టుకు అతికించడం, థర్మకోల్ ఇంటికి నాన్న కిటికీలు కోయడం మొదలైంది. కూలికి పోయి వచ్చిన తల్లి ఆ చార్టుకు డబ్బులు ఎక్కడ తేవాలి? అది చేయలేని ఇంటి పిల్ల వెనక బెంచీలో తలదించుకుని కూర్చుంటుంది. ఇది చదువు కాదు, ఇంటి స్తోమతకు మార్కులు వేయడం.

కానీ ప్రాజెక్టు అంటే ఇదే కావాలని ఎవరన్నారు? మా నాలుగో తరగతికి ఇచ్చింది ఇది: వారం రోజులు మీ ఇంట్లో ఏ కూర వండారో రోజూ రాసుకురండి. ఖర్చు ఒక నోట్‌బుక్ పేజీ. వారం తర్వాత అందరివీ కలిపి బోర్డు మీద పట్టిక వేశాం, ఒక్కో కూరకు ఒక్కో గీత, ఐదు గీతలకు ఒక కట్ట. అందరికంటే ఎక్కువ గీతలు టమాటాకి వచ్చాయి. టమాటా ధర తగ్గింది కాబట్టి అందరూ అదే వండుతున్నారని చెప్పింది, సంతలో తల్లి పక్కన కూర్చుని కూరలు అమ్మే పిల్ల. లెక్కలూ పరిసరాల విజ్ఞానమూ ఆ రోజు రెండూ అయ్యాయి, చార్టు లేదు, థర్మకోల్ లేదు.

కాబట్టి ఈసారి ప్రాజెక్టు ఇస్తే ఏమీ కొనకండి. పిల్ల తన చేత్తో వంకరగా గీసి, తప్పులతో రాసిన కాగితమే పంపండి. దానికి మార్కులు తగ్గిస్తే బడికి వెళ్ళి టీచర్ని అడగండి. ఆ టీచరు నేనైనా సరే, అడగండి.