"పోలీసులొచ్చేలోపు నలుగురూ ఒకే మాట అనుకోండి" అంట, ఎవరండీ ఇది రాసింది?

వారం నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్, టెన్త్ బ్యాచ్ గ్రూపులో అదే, ఆఖరికి మా అత్తయ్య కూడా అదే పంపించింది. "యాక్సిడెంట్ గానీ దొంగతనం గానీ కళ్ళారా చూశారా? పోలీసులకి చెప్పేముందు సైకాలజిస్టుల ఈ సూత్రాలు పాటించండి" అని. ఏ సైకాలజిస్టో పేరు లేదు. రెండుసార్లు మర్యాదగా చెప్పా, నిన్న రాత్రి మళ్ళీ వచ్చింది, ఇక కూర్చుని రాస్తున్నా.

జ్ఞాపకశక్తికి బాదం పప్పు, సరస్వతాకు తినమన్న పాయింటు వదిలేయండి. నిన్న చూసినదానికి ఇవాళ బాదం తిని ఏం లాభం. సంతకం పెట్టకపోతే స్టేట్‌మెంట్ చెల్లదన్నదీ తప్పే, దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదనే చట్టం చెప్తోంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 162వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 181.

"మెదడు సీసీ కెమెరా లాంటిది, హిప్నటైజ్ చేస్తే బండి నంబరు కూడా వచ్చేస్తుంది" అంట. హిప్నటైజ్ చేస్తే మనిషి ఎక్కువ మాట్లాడతాడు, అందులో ఊహించుకున్నవీ కలిసిపోతాయి, పైగా అవన్నీ నిజమేనన్న ధీమా పెరుగుతుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1982లోనే అలాంటి సాక్ష్యం చెల్లదని చెప్పేసింది.

"జరిగింది చివర్నించి మొదటికి చెప్పలేకపోతే అబద్ధం" అన్నది సగం విని రాసింది. వెనకనుంచి చెప్పించడం నిజంగా ఉన్న పద్ధతే, 1980ల్లో అమెరికాలో గైసెల్‌మన్, ఫిషర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేసిన కాగ్నిటివ్ ఇంటర్వ్యూలో ఒక భాగం. కానీ అది అలవాటుగా దాటేసే చిన్న విషయాలు దొరకడానికి, అబద్ధాలు పట్టుకోడానికి కాదు. అందులో అసలు సంగతి వేరే ఉంది, మనసులో ఆ చోటికి మళ్ళీ వెళ్ళమనడం, ఎండా చప్పుడూ వాసనా గుర్తుచేసుకోమనడం, పనికిరాదనిపించిందీ చెప్పమనడం, మధ్యలో అడ్డుపడకపోవడం. మయామీలో డిటెక్టివ్‌లకి ఇది నేర్పిస్తే ముందుకంటే 47 శాతం ఎక్కువ సమాచారం రాబట్టారని 1989లో తేలింది.

ఇప్పుడు నా ఒళ్ళు మండించిన నాలుగో పాయింటు. "పోలీసులొచ్చేలోపు చూసినవాళ్ళందరూ మాట్లాడుకుని ఒకే మాట మీద ఉండండి, తెలీదు అనొద్దు."

మా బాబాయిని విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర ఎవరో గుద్దేసి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి అక్కడ పూలమ్మే ఆవిడ, "బండి నాకు కనపళ్ళేదు బాబూ, ఖాళీ డబ్బాలు గలగలలాడిన చప్పుడు మాత్రం వినపడింది" అంది. ఈలోపు టీ కొట్టు దగ్గర ఒకాయన తెల్ల వ్యాన్ అన్నాడు, ఇంకొకాయన అవునవును అన్నాడు, పావుగంటలో అందరిదీ తెల్ల వ్యానే అయిపోయింది. వచ్చిన కానిస్టేబుల్ "తెల్ల వ్యానే కదమ్మా?" అనడిగితే ఆవిడ కూడా తలూపింది. ఏ పాపం తెలీని వ్యాన్ డ్రైవర్‌ని ఒక రోజంతా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పన్నెండు రోజుల తర్వాత ఒక షాపు ఫుటేజ్‌లో చూస్తే అది బైకు, రెండు పక్కలా పాల డబ్బాలు! ఆవిణ్ణి అడిగితే "అందరూ వ్యాన్ అంటంటే నాకే తప్పు వినపడిందేమో అనుకున్నా" అంది.

ఆవిడ తప్పేం లేదు. 2003లో ఒక ప్రయోగంలో ఒకే సంఘటనని వేరే వేరే కోణాల్లో తీసి, మనుషుల్ని జంటలుగా చేసి ఒక్కొక్కరికి ఒక్కో కోణం చూపించి, తర్వాత మాట్లాడుకోనిచ్చారు, 71 శాతం మంది పక్కవాళ్ళు చెప్పిందాన్ని తాము చూసినట్టే చెప్పారు. ఇక "వ్యానే కదా" లాంటి ప్రశ్న సంగతి, 1974లో లోఫ్టస్ అనే అమెరికా సైకాలజిస్టు కార్ల యాక్సిడెంట్ వీడియో చూపించి, "గట్టిగా గుద్దుకున్నప్పుడు స్పీడెంత" అని 50 మందిని, "తగిలినప్పుడు స్పీడెంత" అని ఇంకో 50 మందిని అడిగింది. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే మొదటి వాళ్ళలో 16 మంది, రెండో వాళ్ళలో 7 మంది చూశామన్నారు, అసలు అందులో పగిలిన అద్దమే లేదు! ఒక్క మాటకే ఇంత తేడా వస్తే, టీ కొట్టు దగ్గర మీటింగ్ పెట్టుకోమంటారా? ఎవణ్ణి జైలుకి పంపిద్దామని ఈ సలహా?

"ధీమాగా చెప్పేవాడే నిజమైన సాక్షి" అన్నది పూర్తిగా కొట్టిపారేద్దామనుకున్నా గానీ కుదరదు, ఎవరూ హింట్ ఇవ్వకుండా మొట్టమొదటిసారి గుర్తుపట్టినప్పుడుండే ధీమాకి విలువుంది. పదిసార్లు చెప్పాక కోర్టులో కనిపించే ధీమాకి ఆ విలువ లేదు.

కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోమన్నది కూడా కరెక్టే, నేను నవ్వాను గానీ అది పనిచేస్తుందని ప్రయోగాల్లో తేలిందే. అత్తయ్యా, నాలుగో పాయింటు తీసేసి ఇది పెట్టి పంపించు: ఎవరితోనూ మాట్లాడకముందే ఒక పక్కకెళ్ళి కళ్ళు మూసుకుని, గుర్తున్నదంతా కాగితం మీద రాసుకోండి, గుర్తులేని చోట గుర్తులేదు అని రాయండి, డబ్బాల చప్పుడు వినపడితే డబ్బాల చప్పుడు అనే రాయండి.