ఒకే ఊళ్లో ఉండి ముఖం చూపించని నాన్న

జూన్ మూడో ఆదివారం, ఫాదర్స్ డే నాడు, చెన్నైలో పెరంబూరు, వ్యాసర్‌పాడి వైపు తెలుగు చర్చిలకు వెళ్తే ఈ దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. ఆరాధన చివర్లో తండ్రులందరినీ ముందుకు పిలుస్తారు. సండే స్కూల్ పిల్లలు తలో పెన్ను చేతిలో పెడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, ఫొటో తీస్తారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లలో చాలామంది ప్రసంగం జరిగినంతసేపూ బయట బైకుల దగ్గర కబుర్లలో ఉన్నవాళ్లే. నేనూ కొన్నేళ్లు ఆ బ్యాచే. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నిజానికి ఈ ఫాదర్స్ డే ఆలోచన పుట్టింది కూడా చర్చిలోనే. 1909లో అమెరికాలోని స్పోకేన్‌లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ మదర్స్ డే ప్రసంగం వింటూ, మరి మా నాన్న సంగతేమిటి అనుకుంది. తల్లి పోయాక తననూ తమ్ముళ్లనూ పెంచింది ఆ తండ్రే. మరుసటి ఏడాది జూన్ 19న అక్కడ మొదటి ఫాదర్స్ డే జరిగింది. అంటే తల్లి పని కూడా నెత్తిన వేసుకున్న ఒక మనిషి కోసం మొదలైన రోజు ఇది. మన దగ్గర తండ్రి పని కూడా చాలావరకు తల్లే చేస్తుంది. పెన్ను మాత్రం నాన్నకు.

ఆ రోజు ప్రసంగంలో తరచుగా వినపడే వాక్యం సామెతల గ్రంథంలోది: బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి. ఇది నోటికి రాని తండ్రి మా చర్చిలో లేడు. అపొస్తలుడైన పౌలు తన పత్రికల్లో తండ్రులను పేరుపెట్టి పిలిచి చెప్పిన మాట మాత్రం ఎంతమందికి వచ్చో అనుమానమే. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలస్సయులకు రాశాడు. ఎఫెసీయులకు రాసినప్పుడూ పిల్లలకు కోపం రేపవద్దనే మొదలుపెట్టి, ఆ తరవాతే శిక్ష, బోధ గురించి చెప్పాడు. అప్పటి రోమా చట్టంలో ఇంటి పెద్దకు పిల్లల మీద సర్వాధికారం ఉండేది. పుట్టిన బిడ్డను ఉంచుకోవాలో వద్దో కూడా అతనే తేల్చేవాడు. అలాంటి తండ్రులకు బెత్తం గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. పౌలు వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపాడు.

అయితే నాకు కొట్టే తండ్రి కన్నా ఎక్కువ భయం కలిగించేది మాట్లాడని తండ్రి. బైబిల్లో అలాంటి తండ్రిని చూడాలంటే దావీదు రాజు దగ్గరకే వెళ్లాలి. కూతురు తామారుకు జరిగిన ఘోరం విని మండిపడ్డాడు, అంతటితో సరి. ఆమెను చెరిచిన పెద్దకొడుకు అమ్నోనును ఏమీ అన్నట్టు లేదు. తామారు తోడబుట్టిన అబ్షాలోము పగబట్టి ఆ అన్నను చంపించి గెషూరుకు పారిపోయాడు, మూడేళ్లు అక్కడే ఉన్నాడు. సేనాపతి యోవాబు ఏదో ఉపాయం పన్ని వెనక్కి రప్పించాక, రెండు నిండు సంవత్సరాలు యెరూషలేములోనే ఉండి కూడా తండ్రి ముఖం చూడలేదు. ఇక ఇంకో కొడుకు అదోనీయా గురించి అయితే రాజుల గ్రంథం ఒక్క వాక్యంలో తేల్చేసింది: నువ్వెందుకు ఇలా చేస్తున్నావని తండ్రి అతణ్ణి ఎన్నడూ అడగలేదట. దేవుడి ముందు గుండె విప్పి అన్ని కీర్తనలు పాడినవాడికి కన్నకొడుకు దగ్గర నోరు పెగల్లేదు. చివరికి పెగిలింది, "నా కుమారుడా అబ్షాలోమా" అని. అప్పటికి ఆ కొడుకు తండ్రి మీదే తిరగబడి, యుద్ధంలో సింధూర వృక్షానికి వేలాడి, ఈటె దెబ్బలకు చచ్చిపోయాడు.

యెరూషలేము దాకా ఎందుకు, కొళత్తూరులో రెండు గదుల ఫ్లాట్లో కూడా ఇలా రెండేళ్లు గడిచిపోతాయి. నాన్నకు ఫ్యాక్టరీలో షిఫ్టు, లేదా తెల్లవారుజామునే కార్పొరేషన్ డ్యూటీ, లేదా ఓఎంఆర్‌ ఐటీ ఆఫీసులో అమెరికా టైముకు కాల్స్. ఎదురుపడినప్పుడు మాటలు ఉండవని కాదు. మార్కులు, ఫీజు, బండి తాళాలు, "ఫోన్ పక్కన పెట్టు". వీటిని మాటలని లెక్కపెడితే మనమంతా మంచి తండ్రులమే.

మన తాతల కాలంలో తండ్రి నోరు విప్పకపోయినా నడిచిందేమో. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. ఆ తరవాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటి పెద్ద అడుగు వేస్తే ఇల్లంతా వెంట నడిచిన రోజులవి. ఆ కాలువే ఇక్కడ బేసిన్ బ్రిడ్జి పక్కగా పారుతుంది (పారుతుంది అనడం మర్యాదకే). నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన మన ఇళ్ల గుమ్మాల మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న బోర్డు ఇంకా ఉంది. దాన్ని చదవగలిగే పిల్లలే తగ్గిపోయారు. 2006లో తమిళనాడు చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి, దానికి తోడు ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలు మా సండే స్కూల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నాన్న కుటుంబ ప్రార్థనలో "మహోన్నతుడవైన తండ్రీ" అని బైబిలు భాషలో మొదలుపెడితే సగం వాళ్లకు అర్థం కాదు. ఇక అర్థమయ్యేది ఒక్కటే. ఆమేన్ అన్న అయిదు నిమిషాలకు అమ్మతో ఆయన ఎలా మాట్లాడాడు అన్నది.

ఇక్కడ ఒక లెక్క గురించి చెప్పాలి, ఎందుకంటే అది మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంది. 1994 నాటి స్విట్జర్లాండ్ సర్వే. తల్లి క్రమం తప్పకుండా చర్చికి వెళ్తూ తండ్రి అసలు వెళ్లకపోతే, పెద్దయ్యాక క్రమంగా వెళ్లే పిల్లలు నూటికి ఇద్దరేనట. ఇద్దరూ వెళ్తే 33 మంది. అదే పట్టికలో ఇంకో గడి ఉంది. తండ్రి మాత్రమే వెళ్లి తల్లి అసలు వెళ్లకపోతే 44 మంది! తల్లులను చర్చి మాన్పిస్తే మేలని ఏ పాస్టరూ చెప్పరు కాబట్టి ఆ గడి జోలికి ఎవరూ పోరు. ఎక్కడో స్విస్ ఇళ్ల లెక్క తెచ్చి పెరంబూరు తల్లుల శ్రమను చిన్నచేయడం నాకు నచ్చదు. పౌలు శిష్యుడు తిమోతి విశ్వాసం అమ్మ యునీకే నుంచీ, అవ్వ లోయి నుంచీ వచ్చింది. తండ్రి గ్రీసు దేశస్థుడు అన్నంతవరకే మనకు తెలుసు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇంకో పరిశోధన. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 1970లో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు కొన్ని వందల కుటుంబాల్లో తరాల వెంట నడిచి చూశారు. అక్కడ తేలింది ఏమిటంటే, తండ్రి ఎంత భక్తిపరుడన్నది ఒక్కటే చాలదు, పిల్లలకు ఎంత దగ్గరగా ఉన్నాడన్నది ముఖ్యం. భక్తి ఉండి ఎడంగా ఉండే తండ్రి విశ్వాసం పిల్లలకు సరిగ్గా అందదు. మా కమిటీ పెద్దలు ఒకరిద్దరి ఇళ్లు గుర్తొచ్చాయి, పేర్లు వద్దు.

అలాగని అంతా తండ్రి చేతిలోనే ఉందనీ అనలేం. యాజకుడు ఏలీ తప్పుదారి పట్టిన తన కొడుకులను అడ్డగించలేదన్న దేవుడి తీర్పును చిన్నప్పుడే విన్నవాడు, దాన్ని స్వయంగా ఏలీకి చెప్పినవాడు సమూయేలు ప్రవక్త. ఆయన కొడుకులే బెయేర్షెబాలో లంచాలు పుచ్చుకున్నారు. పిల్లలు దారి తప్పిన ప్రతి తండ్రినీ వేలెత్తి చూపించే ముందు ఆ అధ్యాయం ఒకసారి చదివితే మంచిది.

కిందటేడు సండే స్కూల్లో తప్పిపోయిన కుమారుడి కథ (ఆస్తి తగలేసి తిరిగొచ్చిన కొడుకును తండ్రి కౌగిలించుకుని విందు చేసిన కథ) చెబుతూ, మీ ఇంట్లో అయితే నాన్న ఏం చేస్తాడు అని అడిగాను. కౌగిలించుకుంటాడు, బిర్యానీ పెట్టిస్తాడు అని తలా ఒకటి చెప్పారు. వెనక కూర్చున్న ఏడో తరగతి అబ్బాయి, "ముందు కణక్కు (లెక్క) అడుగుతాడు అంకుల్, ఎంత ఖర్చు పెట్టావని" అన్నాడు. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు.

ఈ జూన్‌లో వాళ్ల నాన్నకు పెన్ను ఇచ్చింది వాడే. ఇద్దరూ కెమెరా వైపు చూశారు.