పబ్ ముంగిలి గురించి మనమూ మాట్లాడాలి

ఇక్కడ డబ్లిన్‌లో మా వీధి మూలనున్న పబ్ ముంగిలిని, అంటే వీధివైపు ముఖభాగాన్ని, గత ఏడాది ఊడదీశారు. ముదురాకుపచ్చ చెక్క పలకలు, తలుపుకు అటూ ఇటూ నిలువు గాడులు తీసిన అర్ధస్తంభాలు, పైన ఎవరో చేయి తిరిగిన పనివాడు బంగారు రంగులో రాసిన యజమాని ఇంటిపేరు, అన్నీ ఒక్క పూటలో చెత్తబండి ఎక్కాయి. వాటి చోట లోపలి నుంచి వెలిగే ప్లాస్టిక్ బోర్డు వచ్చింది.

మనలో చాలామందికి పబ్ అంటే మన ఊళ్ళ బారే గుర్తుకొస్తుంది కనుక, పిల్లల చేయి పట్టుకొని గబగబా దాటిపోతాం. తాగుడును సమర్థించడం నా ఉద్దేశం కాదు. నేను చెబుతున్నది కట్టడం గురించి, మనం రోజూ నడిచే వీధి గురించి.

పాత డబ్లిన్ పబ్‌లు చాలావరకు కింద వ్యాపారం, పైన కాపురం ఉండేలా కట్టిన ఇళ్ళు. వాటిలో ఎన్నో ఒకప్పుడు కిరాణా కొట్లు కూడా. సౌత్ యాన్ వీధిలోని కీహోస్ అనే పబ్‌లో కౌంటరు వెనుక ఒకనాడు టీ, కాఫీ వంటి సరుకులు దాచిన మహాగని సొరుగులు నేటికీ ఉన్నాయి. చిన్ననాడు మా వీధి కోమటి కొట్లో చూసిన సొరుగులే అవి అనిపించి, మొదటిసారి చూసినప్పుడు నాకు కదలబుద్ధి కాలేదు. ఇక స్నగ్ అనే చిన్న గదిలో, బయటివారి కంట పడకుండా కూర్చోవలసిన ఆడవాళ్ళకూ, మతగురువులకూ గోడలోని బుల్లి కిటికీ గుండా గ్లాసు అందేది. లోపలివారు కనిపించకుండా వెలుతురు మాత్రం వచ్చేలా కిటికీలకు గరుకు అద్దాలు బిగించేవారు. అంటే ఆనాటి సమాజం మాటలతో చెప్పుకోని కట్టుబాట్లను ఆ కట్టడం చెక్కలోనూ అద్దంలోనూ దాచి ఉంచింది. బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ సెలూన్ అనే పాత పబ్‌ను 1978లో, వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన సంరక్షణలోకి తీసుకున్నది అటువంటి పనితనం కోసమే.

ఐర్లండ్‌లో 2000 నాటి ప్రణాళికా చట్టం కింద రక్షిత కట్టడాల జాబితాకెక్కిన భవనానికి లోపలి భాగం సహా రక్షణ ఉంటుంది. జాబితాకెక్కని మామూలు మూల పబ్‌లే నిశ్శబ్దంగా పోతున్నాయి, నా బాధ వాటి గురించే. అయితే కట్టడాన్ని మార్చేందుకు అనుమతి కోరే దరఖాస్తు వచ్చినప్పుడు గోడకో కిటికీకో నోటీసు అంటించాలి. ఐదు వారాలలోపు 20 యూరోల రుసుముతో ఎవరైనా తమ అభిప్రాయాన్ని స్థానిక పాలక సంస్థ అయిన కౌన్సిల్‌కు రాయవచ్చు. మా మూలనున్న పబ్ అద్దం మీదా ఆ కాగితం ఉండేది. రోజూ దాని పక్కగానే బస్సుకు వెళ్ళినా, ఆ ఇల్లు నాకేమీ కాదనుకొని నేను చదవలేదు.

మొన్న రెండు వీధుల అవతల మరో పాత పబ్‌కు నోటీసు కనిపించింది. ఈసారి నిలబడి చదివి, ఆ చెక్క ముంగిలినీ చేతిరాత పేరునూ అలాగే ఉంచమని కౌన్సిల్‌కు రాశాను.