టైముకి వచ్చినవాళ్ళదే తప్పు

రొమాంటిక్ కామెడీల్లో ఒక తెగ ఉంది. అందులో హీరో హీరోయిన్లు ఒకరికోసం ఒకరు పుట్టారని మొదటి పది నిమిషాల్లోనే చూసేవాళ్ళందరికీ తెలిసిపోతుంది, కునికిపాట్లు పడుతున్నవాళ్ళతో సహా. వాళ్ళిద్దరికి మాత్రం ఆ సంగతి తెలియడానికి పన్నెండేళ్ళు పడుతుంది. ఎందుకంటే అతను ఖాళీగా ఉన్నప్పుడు ఆమెకు బాయ్‌ఫ్రెండ్ ఉంటాడు. ఆమె ఆ బాయ్‌ఫ్రెండ్‌ని వదిలించుకునేసరికి ఇతని నిశ్చితార్థం అయిపోయి ఉంటుంది. అది చెడేసరికి ఆమె ఇంకెవరి బిడ్డకో తల్లి. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరికిన శుభదినాన ఒకరు వేరే ఖండానికి విమానం ఎక్కుతుంటారు. ఇంత జరిగినా ఇద్దరిలో ఎవరి తప్పూ ఉండదు. తప్పంతా టైముది.

టైము పాపం ఏం చేస్తుంది? దానికి నోరు లేదు, లాయరు లేడు. ప్రెస్ మీట్ పెట్టి "నా మానాన నేను నడుస్తూనే ఉన్నానండీ, వాళ్ళే నోరు విప్పి చావలేదు" అని చెప్పుకునే దిక్కు కూడా లేదు.

ఈ సినిమాల్లో కాలం గడిచిందని మనకు తెలిసేది జుట్టుని బట్టి. రెండు మూడేళ్ళు గడిస్తే హీరోకి గడ్డం వస్తుంది. ఐదేళ్ళు గడిస్తే గడ్డం పోయి కోటు వస్తుంది. హీరోయిన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుందంటే ఈ మధ్యలో ఆమె జీవితంలో చాలా జరిగిందని, అదంతా చూపించే ఓపిక దర్శకుడికి లేదని అర్థం. ముఖం మీద మాత్రం ఒక్క గీత పడదు. పన్నెండేళ్ళ విరహం చర్మానికి ఇంత మంచిదని ఏ డాక్టరూ చెప్పగా వినలేదు.

నాకు అసలు ఒళ్ళు మండేది ఒక పుస్తకం దగ్గర. దాని సంగతికి వస్తాను. ముందు లిఫ్టులు.

2001లో వచ్చిన 'సెరెండిపిటీ' చూసినవాళ్ళకి నా బాధ చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళు అదృష్టవంతులు. న్యూయార్క్‌లో క్రిస్మస్ కొనుగోళ్ళ రద్దీ. పెద్ద షాపులో ఒక నల్ల గ్లోవ్స్ జత మీద జొనాథన్ చెయ్యీ సారా చెయ్యీ ఒకేసారి పడతాయి. ఇద్దరికీ అప్పటికే వేరే ప్రేమికులున్నారు. (ఈ వివరం మీరు గుర్తుపెట్టుకోండి, సినిమా గుర్తుపెట్టుకోదు.) సాయంత్రమంతా కలిసి తిరుగుతారు, ఒకరికొకరు తెగ నచ్చుతారు. ఇక ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే అరగంటలో అందరం ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. సారా కాగితం మీద నంబర్ రాస్తుంది కూడా. గాలికి ఆ కాగితం ఎగిరిపోతుంది.

మీరూ నేనూ అయితే ఇంకో కాగితం వెతుక్కుంటాం. సారా మాత్రం ఇది విధి పంపిన కబురు అంటుంది. రాసిపెట్టి ఉంటే మళ్ళీ కలుస్తాం అంటుంది. అతని చేత ఐదు డాలర్ల నోటు మీద పేరూ నంబరూ రాయించి, ఆ నోటుని అప్పటికప్పుడే ఖర్చుపెట్టేస్తుంది. తన నంబరు ఒక నవలలో రాసి దాన్ని పాత పుస్తకాల షాపుకి అమ్మేస్తానంటుంది. పన్ను ఎగ్గొట్టేవాళ్ళు కూడా డబ్బుని ఇంత శ్రద్ధగా దాచరు. అయినా విధి మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంకో పరీక్ష పెట్టాలి.

వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్. చెరో లిఫ్టు ఎక్కాలి. ఇద్దరూ ఒకే అంతస్తు బటన్ నొక్కితే దైవ నిర్ణయం. సారా 23 నొక్కుతుంది. అవతలి లిఫ్టులో జొనాథన్ కూడా 23 నొక్కుతాడు! ఇంతకంటే విధి ఏం చెయ్యగలదు చెప్పండి? సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చింది. కానీ మధ్యలో ఒక చిన్నపిల్లవాడు జొనాథన్ లిఫ్టులోకి వచ్చి కనిపించిన బటన్లన్నీ నొక్కేస్తాడు. లిఫ్టు అంతస్తు అంతస్తుకీ ఆగుతూ, తలుపు తెరుస్తూ, మూస్తూ పాకుతుంది. పైన సారా చూసి చూసి వెళ్ళిపోతుంది. అంతే. కొన్నేళ్ళ ఎడబాటు.

ఒక్క క్షణం ఆ లిఫ్టులో బుర్ర ఉన్న మనిషిని ఊహించుకోండి. దిగి మెట్లెక్కుతాడు. మోకాళ్ళ నొప్పులుంటే కింద లాబీలో కూర్చుంటాడు, ఎందుకంటే పైకి వెళ్ళిన మనిషి ఎప్పటికైనా కిందికి రావాల్సిందే, హోటల్ గేటు 23వ అంతస్తులో ఉండదు. సారా అయినా పైన ఇంకో పది నిమిషాలు నిలబడొచ్చు. ఆమెకేం రైలు తప్పిపోదు. అబ్బే, పది నిమిషాలు ఆగితే అది ప్రేమ ఎలా అవుతుంది? ఏళ్ళ తరబడి ఆగాలి.

నాకు మాత్రం ఆ పిల్లవాడంటే గౌరవం. ఈ తెగ సినిమాలన్నిటిలో తనకేం కావాలో స్పష్టంగా తెలిసిన పాత్ర వాడొక్కడే. బటన్ కనిపించింది, నొక్కాలనిపించింది, నొక్కాడు. రాసిపెట్టి ఉంటే ఆ బటన్ దానంతటదే నొక్కుకుంటుందని చేతులు కట్టుకు నిలబడలేదు. వాడు ఈపాటికి పెద్దవాడై ఉంటాడు. ఎవరైనా నచ్చితే నచ్చారని చెప్పే రకం అయ్యుంటాడు. అలాంటివాడి మీద ఎవరూ సినిమా తియ్యరు.

లిఫ్టు కంటే పాత జబ్బు ఎంపైర్ స్టేట్ బిల్డింగుది. 1939లో లియో మెక్‌కేరీ 'లవ్ అఫైర్' తీశాడు. ఓడ ప్రయాణంలో ప్రేమలో పడ్డ ఇద్దరు, ఆరు నెలల తర్వాత ఆ బిల్డింగు పైన కలుద్దామనుకుంటారు. హడావుడిగా వస్తున్న ఆమెని కారు గుద్దేస్తుంది. పైన అతను ఎదురుచూసి, ఆమెకు మనసు లేదనుకుని వెళ్ళిపోతాడు. సరే, ప్రమాదాలు జరుగుతాయి. 1957లో అదే దర్శకుడు అదే కథని 'యాన్ అఫైర్ టు రిమెంబర్' అని మళ్ళీ తీశాడు. అదే బిల్డింగు, అదే ప్రమాదం. 1994లో ఇంకొకరు పాత పేరుతోనే మూడోసారి తీశారు. మళ్ళీ అదే. 55 ఏళ్ళలో ముగ్గురు హీరోయిన్లు ఒకే బిల్డింగుకి వస్తూ దెబ్బలు తింటే, న్యూయార్క్ నగరం అక్కడ ఒక స్పీడ్ బ్రేకర్ వేసిన పాపాన పోలేదు.

ప్రమాదం ఎవరి చేతుల్లోనూ లేదు, ఒప్పుకుంటాను. తర్వాతి నెలల సంగతేంటి? ఆమె కబురు పెట్టదు, జాలిపడి వస్తాడేమోనని ఆత్మాభిమానం. అతను వెతకడు, రానిదాని వెంట పడటమేమిటని ఇతగాడి ఆత్మాభిమానం. పోస్టాఫీసులు 1957లో కూడా శుభ్రంగా పనిచేసేవి. ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేదానికి తరతరాల ప్రేక్షకులు రుమాళ్ళు తడుపుకున్నారు.

మొబైల్ ఫోన్లు వచ్చాక ఈ కథలు రాసేవాళ్ళకి పెద్ద కష్టం వచ్చిపడింది. ఛార్జింగ్ అయిపోవాలి, ఫోన్ నీళ్ళల్లో పడాలి, మెసేజ్ టైప్ చేసి పంపకుండా చెరిపెయ్యాలి. 2014 నాటి 'లవ్, రోజీ' ఇంకా ధైర్యం చేసింది. ఆ కాలంలో అందులో హీరో ఉత్తరం రాస్తాడు. అది హీరోయిన్ భర్త చేతిలో పడుతుంది, అతను దాచేస్తాడు. "నా ఉత్తరం అందిందా?" అని ఒక్క ఫోన్ చెయ్యాలని డాక్టరు చదువు చదివిన ఆ మేధావికి తోచదు. ఇక విమానాశ్రయం పరుగు సంగతి చెప్పేదేముంది. 2001 సెప్టెంబర్ తర్వాత అమెరికాలో టికెట్ లేని మనిషిని మామూలుగా సెక్యూరిటీ దాటి గేటు దాకా పోనివ్వరు. ప్రేమ ఉంటే పోనిస్తారని వీళ్ళకెవరో చెప్పారు.

1989 నాటి 'వెన్ హ్యారీ మెట్ శాలీ'ని మాత్రం ఈ బోనులో నిలబెట్టను. 1977లో షికాగో నుంచి న్యూయార్క్‌కి ఒకే కారులో వస్తారు, ఐదేళ్ళకి ఎయిర్‌పోర్టులో తగులుతారు, మరో ఐదేళ్ళకి పుస్తకాల షాపులో. లెక్క ప్రకారం ఇదే తెగ. కానీ మొదట్లో వాళ్ళు ఒకటి కాకపోవడానికి గాలీ కారణం కాదు, లిఫ్టూ కారణం కాదు. ఒకరంటే ఒకరికి పడలేదు, అంతే. ఆ నిజాయితీ రచయిత్రి నోరా ఎఫ్రాన్‌ది. ఆమె మీద గౌరవంతోనే ఇంకో మాట అనాల్సి వస్తోంది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడే 'స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్' తీసింది. అందులో వాల్టర్ ఉన్నాడు.

వాల్టర్ చేసిన నేరం అలర్జీ. మంచివాడు, మర్యాదస్థుడు, కాబోయే భార్య అంటే ప్రాణం. కానీ తుమ్ముతాడు. ఆమె రేడియోలో ఒక గొంతు విని, ముఖాముఖి ఒక్కసారి కూడా సరిగ్గా మాట్లాడని మనిషి కోసం సరిగ్గా ప్రేమికుల రోజున వాల్టర్ ఉంగరం వాల్టర్‌కి ఇచ్చేస్తుంది. అతను కేకలెయ్యడు, బల్ల తన్నడు. పెద్దమనిషిలా తప్పుకుంటాడు. తప్పుకోక ఏం చేస్తాడు, కిటికీలోంచి ఎంపైర్ స్టేట్ బిల్డింగు కనిపిస్తోంది, అవతల హీరోయిన్‌కి లేటవుతోంది!

ఈ మూడో మనిషికి ఏదో ఒక లోపం తగిలించడం ఆనవాయితీ. ఒకడికి తుమ్ములు. ఒకడికి మరీ శుభ్రం. సారా పెళ్ళాడబోయే సంగీతకారుడికి భార్య కంటే టూర్లు ముఖ్యం. ఆ లోపం చూసి మనం "పోనీలే, వీడు పోయినా ఫర్వాలేదు" అనుకోవాలి. జొనాథన్ పెళ్ళాడబోయే హేలీకి మాత్రం లోపం కల్పించడానికి కూడా రచయితకి ఓపిక లేకపోయింది.

ఇక ఆ పుస్తకం. సారా నంబరు రాసింది 'లవ్ ఇన్ ది టైమ్ ఆఫ్ కలరా'లో. ఆ నవలలో ప్రేమికుడు 51 ఏళ్ళ 9 నెలల 4 రోజులు ఎదురుచూస్తాడు. కనీసం ఆ మహానుభావుడు తను ప్రేమించినామె భర్త పోయేదాకా ఆగాడు. జొనాథన్ పాత పుస్తకాల షాపు కనిపిస్తే చాలు, లోపలికి దూరి ఆ నవల తీసి, అట్ట తిప్పి చూసి పెట్టేస్తుంటాడు. ఎందుకో చెప్పడు. హేలీ గమనిస్తుంది. ప్రతిసారీ ఇదే తీస్తాడు, ఎప్పుడూ కొనడు, ఇతనికి ఇది చాలా ఇష్టమైనట్టుంది అనుకుంటుంది. ఎక్కడో ఒక ప్రతి సంపాదించి పెళ్ళి కానుకగా అతని చేతిలో పెడుతుంది. అతను తెరుస్తాడు. లోపల సారా పేరు, సారా నంబరు.

ఇక్కడ మనం ఒళ్ళు పులకరించి "ఆహా, విధి!" అనాలి.

విధి కాదయ్యా, హేలీ! విధి ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని దొరకనివ్వలేదు. పట్టుకొచ్చి చేతిలో పెట్టింది కాబోయే పెళ్ళాం. పక్కన నడిచే మనిషి దేన్ని ముట్టుకుంటున్నాడో, దేన్ని ఆశగా చూసి వదిలేస్తున్నాడో కనిపెట్టి, అడక్కుండా తెచ్చివ్వడం ప్రేమ కాకపోతే మరేమిటి? సినిమా మొత్తంలో ప్రేమించడం చేతనైన మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఇచ్చిన కానుకలోని ఆధారం పట్టుకుని ఈ ప్రబుద్ధుడు పెళ్ళి ముంగిట స్నేహితుణ్ణి వెంటేసుకుని దేశానికి ఆ చివర శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానం ఎక్కుతాడు. సిగ్గుండాలి.

పెళ్ళి రద్దవుతుంది. ఆ మాట హేలీకి ఎలా చెప్పాడు? ఆమె ఏమంది? ఆ సన్నివేశం సినిమాలో లేదు. గ్లోవ్స్‌కి సన్నివేశం ఉంది, ఎగిరిన కాగితానికి ఉంది, బటన్లు నొక్కిన పిల్లవాడికి ఉంది. హేలీకి లేదు. సారా ఏడుస్తూ హోటల్‌కి వస్తుంది, హాలు సర్దేస్తుంటారు, పెళ్ళి ఆగిపోయిందని తెలుస్తుంది, ఆమె ప్రాణం లేచొస్తుంది. ఇంకో ఆడపిల్ల పెళ్ళి చెడిన హాల్లో నిలబడి! ఆమెతో పాటు మనమూ సంతోషపడాలట.

రోజూ ఇంటికొచ్చేవాడు, ఫోన్ ఎత్తేవాడు, జ్వరమొస్తే పక్కన కూర్చునేవాడు వీళ్ళ లెక్కలో తప్పు మనిషి. ఏళ్ళ తరబడి జాడ లేకుండా పోయి, చివర్లో చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చినవాడు సరైన మనిషి. ఇది తెరమీదే ఆగిపోయినా బాగుండేది. నాలుగేళ్ళు వెంట తిప్పుకుని, "నువ్వు చాలా మంచిదానివి, మనకి టైమే కలిసిరాలేదు" అని చేతులు దులుపుకునే ఘనులు ఈ డైలాగ్ ఎక్కడ పట్టారనుకుంటున్నారు? టైము కలిసిరాకపోవడమేమిట్రా, నాలుగేళ్ళూ టైమంతా నీకే ఇచ్చింది కదా ఆ పిల్ల!

నాకో సినిమా కావాలి. హీరో హీరోయిన్లు మంచు మీద స్కేటింగ్ చేసుకుంటూ ముద్దులు పెట్టుకునే రాత్రి అది మొదలవ్వాలి. ఒక గదిలో హేలీ అతిథుల జాబితా ముందేసుకుని కూర్చుని ఉంటుంది. ఫోన్లు మొదలుపెడుతుంది. "లేదండీ, జరగలేదు. లేదండీ, అందరికీ ఒంట్లో బాగానే ఉంది. టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి." హోటల్ మేనేజర్ అడ్వాన్స్ వెనక్కి రాదంటాడు. కేకు చేసినవాడు పేర్లు రాసేశామండీ అంటాడు. వరసకి పిన్ని అయ్యే ఒకావిడ "నువ్వేమైనా అన్నావా అతన్ని?" అని అడుగుతుంది. రెండు గంటలూ ఇదే. పాటలు అక్కర్లేదు, వాన అక్కర్లేదు. మొదటి ఆటకి నేను వెళ్తాను. కాకపోతే ఆ పిన్నికి హేలీ "ఎవరి తప్పూ లేదు పిన్నీ, టైము అలా వచ్చింది" అని జవాబిచ్చిందో, సగంలో లేచి వచ్చేస్తాను.