నల్లచుక్కకు ఎవరి తప్పూ తెలియదు

పది రోజుల్లో ఒకే సందేశం నాకు నలుగురు మిత్రుల నుంచి వచ్చింది. వారిలో ఇద్దరు నెల్లూరులో నాతో కలిసి చదువుకున్నవారు, ఒకరు ఒంగోలులో పిల్లలకు పాఠాలు చెబుతున్నవారు. షిర్లీ జాక్సన్ రాసిన ‘ది లాటరీ’ కథలో ఒక ఊరి జనం ఏటా చీటీలు తీసి, ముందు ఒక ఇంటిని, తరువాత ఆ ఇంట్లో ఒకరిని ఎంచి, నల్లచుక్క ఉన్న చీటీ వచ్చినవారిని రాళ్ళతో కొట్టి చంపుతారు. ఆ కథను పది వాక్యాలకు కుదించి, దాని కింద ఎవరో ఇలా నీతి రాశారు: “ఇది అమెరికాలో నిజంగా జరిగింది. రాసినాయనకు నోబెల్ వచ్చింది. ప్రతి ఆచారం వెనుకా ఒక కారణం ఉంటుంది. పెద్దల కట్టుబాటుకు ఎదురు తిరిగినందుకే ఆ ఇల్లాలికి శిక్ష పడింది. తన వంతు వచ్చేదాకా ఆమె కూడా నోరు మెదపలేదు. మన పల్లెల్లో ఊరంతా ఒక కుటుంబం, ఇలాంటి ఘోరాలు మన దగ్గర లేవు. ఒక్కరు అరిచినంత మాత్రాన ఆచారం పోదు.”

చిన్న తప్పులను ముందు తీసేద్దాం. కథ రాసింది ఒక స్త్రీ, ఆమెకు నోబెల్ రాలేదు. ఇది జరిగిన సంగతి కాదు, కల్పన. 1948 జూన్‌లో ‘న్యూయార్కర్’ పత్రికలో అచ్చయినప్పుడు అక్కడి పాఠకులు కొందరు కూడా నిజమనుకుని, ఆ లాటరీ ఏ ఊళ్ళో జరుగుతుందో చెప్పమని ఉత్తరాలు రాశారు. ఆ వేసవిలో తనకు వచ్చిన ఉత్తరాలు మూడు వందలకు పైమాటేనని, వాటిలో దయగా మాట్లాడినవి పదమూడేనని ఆమే తరువాత చెప్పుకున్నారు.

ఆచారం వెనుక కారణం ఉంటుందన్న మాటకు కథలోనే జవాబు ఉంది. అసలు పెట్టె ఎప్పుడో పోయింది. చెక్కముక్కల స్థానంలో కాగితపు చీటీలు వచ్చాయి. వెనుకటి పాటను, లాంఛనాలను ఊరు మరిచిపోయింది. మరిచిపోనిది రాళ్ళను మాత్రమే. డెబ్భై ఏడోసారి చీటీ తీస్తున్న వార్నర్ అనే ముసలాయన, జూన్‌లో లాటరీ జరిగితే మొక్కజొన్న బాగా పండుతుందన్న సామెత ఒకటి చెబుతాడు. ఆ ఊరికి మిగిలిన కారణం అంతే. కనిగిరి మెట్టలో వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న రైతును అడిగితే పంటకు ఏం కావాలో చెబుతాడు.

ఇక అసలు మాటకు వస్తాను, ఎందుకంటే ఈ సందేశంలో విషం అక్కడే ఉంది. ఎదురు తిరిగినందుకు ఆ ఇల్లాలు టెస్సీకి శిక్ష పడిందట. టెస్సీ ఎక్కడ ఎదురు తిరిగింది? ఆ రోజు లాటరీ అన్న సంగతి మరిచిపోయి, గుర్తుకు రాగానే తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, నవ్వుతూ జనంలో నిలబడి, చీటీ తీయడానికి మొగుడిని తానే ముందుకు తరిమిన మనిషి ఆమె. ఆ ఇంటికి గుర్తు పడిన తరువాతే ఇది అన్యాయమని అరిచింది. అప్పుడు కూడా చీటీలు మళ్ళీ అయిదుగురి పేరిట వేశారు: భర్త, భార్య, ముగ్గురు పిల్లలు. నల్లచుక్క చిన్నవాడైన డేవీ చీటీలో ఉంటే ఊరు ఆ పసివాడినే రాళ్ళతో కొట్టి ఉండేది. ఆ పసివాడు ఏ పెద్దలకు ఎదురు తిరిగాడో ఈ సందేశం పంపినవారు చెప్పాలి. వార్నర్ చూసిన వెనుకటి లాటరీలన్నింటిలో చుక్క పడినవారు ఏ కట్టుబాటును తప్పారో కూడా చెప్పాలి. చీటీకి ఎవరి తప్పూ తెలియదు. చచ్చినవాళ్ళ మీద తప్పు మోపి, చంపినవాళ్ళను పెద్దలుగా నిలబెట్టిన పని కథకురాలిది కాదు, ఈ నీతి రాసినవారిది.

ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోక తప్పదు. తన వంతు వచ్చేదాకా ఆమె మాట్లాడలేదన్నది నిజం. అంతకంటే ఘోరం, అత్తవారింటి తరఫున చీటీ తీయవలసిన తన పెళ్ళయిన కూతురిని కూడా ఈ లెక్కలో కలపమని ఆమె అడిగింది. తల్లి నోట ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు గుండె జారుతుంది. టెస్సీ వీరవనిత కాదు. అయితే వీరవనిత కాని మనిషిని కొట్టి చంపవచ్చునా?

ఊరంతా ఒక కుటుంబమన్న మాట కథలో ఆ ఊరికీ చక్కగా సరిపోతుంది. కొద్దిసేపటి ముందు టెస్సీతో నవ్వుతూ కబుర్లాడిన డెలాక్రా ఇల్లాలే, రెండు చేతులా పట్టి ఎత్తవలసినంత రాయిని ఏరుకుంటుంది. డేవీ చేతిలోనూ ఎవరో కాసిని గులకరాళ్ళు పెడతారు, కన్నతల్లి మీద వేయడానికి. వాళ్ళు రాక్షసులు కారు, పొరుగువాళ్ళు. అన్నం వేళకు ఇళ్ళకు చేరాలని తొందరపడుతున్న మామూలు సంసారులు.

మన దగ్గర ఇలాంటివి లేవని రాయడానికి ఈ ప్రాంతం వారికి చేయి ఎలా వచ్చింది? అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో, తాగే చెరువు నీటిని మురికి చేయవద్దన్న అభ్యంతరంతో మొదలైన గొడవకు మరునాడే, 1985 జూలై 17న, గుంపుగా దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవారు చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. అక్కడ చీటీలు కూడా వేయలేదు. ఎవరి మీద పడాలో పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది. రాయి ఎత్తని చోట మరో దారి ఉంది. వెలి అనండి, దురాయి అనండి, కట్టుబాటు అనండి: ఒక ఇంటికి నీళ్ళు, నిప్పు, పలకరింపు ఆపేయడానికి ఊరు ఒక్క మాట మీద నిలబడితే, ఆ ఐకమత్యాన్ని బలమని పిలవడానికి నాకు నోరు రాదు.

ఒక్కరు అరిస్తే ఆచారం పోదన్న చివరి మాటలో సగమే నిజం. ఉత్తరాన ఉన్న ఊరు లాటరీని మానేయాలని అనుకుంటోందని, కొన్ని ఊళ్ళు ఇప్పటికే మానేశాయని కథలోనే ఒక దంపతులు అంటారు. వార్నర్ వాళ్ళను పిచ్చివాళ్ళని తిడతాడు. మన నెల్లూరు జిల్లాలోనూ మగవాడు తాగడం, ఆడది తన్నులు తినడం అనాదిగా ఉన్నదే అన్నారు. అక్షరదీపం అనే వయోజన చదువుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో రోశమ్మతో కలిసి సారా కొట్టుకు అడ్డం పడ్డారు. ఊరూరా ఆడవాళ్ళు లేచి సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. రోశమ్మ అరిచినప్పుడు పక్కనున్న ఆడవాళ్ళు ఆమెతో నడిచారు. టెస్సీ అరిచినప్పుడు పక్కనున్నవాళ్ళు, అందరం ఒకే తీరున చీటీ తీశాం కదా అన్నారు.